ఆ క్రాక్ వేసింది నేనే

సీఎస్ఈలో సీటు వచ్చిందని తెలిసిన రోజే నాకు ఇంట్లో ఒక ఉద్యోగం కూడా వచ్చేసింది. జీతం లేదు, సెలవు లేదు. ప్రింటర్ కదలకపోతే నన్ను పిలుస్తారు. పిన్ని ఫోన్‌లో ఫొటోలు పోతే నన్ను పిలుస్తారు. పక్కింటాయన టీవీకి వైఫై తగలకపోయినా నన్నే పిలుస్తారు. "కంప్యూటర్ చదువుతున్నాడుగా, వాడికి తెలుసులే" అంటారు. నాకు అప్పటికి సీ లాంగ్వేజ్‌లో ఫర్ లూప్ దాకా మాత్రమే తెలుసు. కానీ తెలీదని చెప్పడానికి పరువు అడ్డం వచ్చేది. మీలో చాలామంది ఇదే ఉద్యోగం చేస్తున్నారని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నా.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే క్లబ్ సీనియర్లు సరిచేస్తామన్నారు. నేను చేసిన తప్పును మాత్రం ఎవరూ సరిచేయలేరు, దాన్ని చెప్పుకోవడమే మిగిలింది.

మా బాబాయ్ నరసరావుపేటలో ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. రైల్వే స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఒక మందుల షాపు పైన చిన్న గది, అందులో ఒక టేబుల్, ఒక కంప్యూటర్, గోడకి వాస్తు పటం, మూలన చుట్టలు చుట్టి పెట్టిన పాత ట్రేసింగ్ కాగితాలు. ఆయన సివిల్ డిప్లొమా. సొంతంగా సంతకం పెట్టే లైసెన్సు లేదు. కొలతలు తీసుకుని ప్లాన్ గీసి ఇస్తే, లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకం చేసి, ఆన్‌లైన్‌లో మున్సిపాలిటీ అనుమతికి పెడతాడు. ఇప్పుడు కాగితం ప్లాన్ ఒక్కటే తీసుకెళ్తే కుదరదు కదా. గోడలు ఒక లేయర్‌లో, స్థలం హద్దు ఇంకో లేయర్‌లో, ఎదురుగా ఉన్న రోడ్డు మరో లేయర్‌లో ఉండేలా గీసిన కంప్యూటర్ ఫైలే ఇవ్వాలి. అంటే ఆటోక్యాడ్ లేకపోతే బాబాయ్‌కి పని లేదు.

నేను ఫస్టియర్‌లో సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు బాబాయ్ ఫోన్ చేశాడు.

"అబ్బాయ్, సిస్టమ్ ఫార్మాట్ కొట్టించా. ఆటోక్యాడ్ మళ్ళీ ఎక్కించాలి. కుర్రాడు వెయ్యి రూపాయలు అడుగుతున్నాడు. నీకు వచ్చా?"

"ఎందుకు రాదు బాబాయ్, వస్తున్నా ఉండు" అన్నా.

అలా వెళ్ళి చేసిన పని ఏంటో చెప్తా. ఒక సైట్‌లో దొరికిన జిప్ ఫైల్ దించా. అందులో ఒక రీడ్‌మీ. మొదటి లైను, "ముందు యాంటీవైరస్ ఆపేయండి". రెండో లైను, "నెట్ తీసేయండి". మూడో లైను, "ఈ ఫైల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి". మూడూ చేశా. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి, "మీ కుక్కని కట్టేయండి, లైట్లు ఆర్పేయండి, బీరువా తాళం నాకివ్వండి" అంటే ఎవరైనా ఇస్తారా? నేను ఇచ్చా. ఇచ్చి, స్క్రీన్ మీద ఆటోక్యాడ్ నల్లగా తెరుచుకోగానే కాలర్ ఎగరేశా. పిన్ని అరిసెలు పెట్టింది. బాబాయ్ ఐదొందలు జేబులో పెట్టబోతే వద్దన్నా. యాంటీవైరస్ మళ్ళీ ఆన్ చేయడం మాత్రం మర్చిపోయా.

శివరాత్రి వచ్చింది. పేట వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజు ఊరంతా కోటప్పకొండ దారిలోనే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కరెంటు ప్రభలు కదులుతుంటే ఎవరూ పనిలో ఉండరు. బాబాయ్ కూడా ఆఫీసు మూసి తిరునాళ్ళకి వెళ్ళాడు. కంప్యూటర్ ఆపలేదు, ఏదో పెద్ద ఫైల్ అప్‌లోడ్ అవుతుందని అలాగే వదిలేశాడు. రెండో రోజు వచ్చి చూస్తే ఒక్క ఫైల్ కూడా తెరుచుకోవట్లేదు. అన్ని ఫైళ్ళ పేర్ల చివరా ఎప్పుడూ చూడని నాలుగు అక్షరాల తోక. ప్రతి ఫోల్డర్‌లో ఒక నోటు: డబ్బు పంపితే తాళం ఇస్తాం అని. రాన్సమ్‌వేర్.

నేను హాస్టల్ నుంచి బస్సెక్కి వచ్చా. అప్పుడు నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. డీడబ్ల్యూజీ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపలంతా చదవలేని చెత్తే కనిపిస్తుంది, కానీ మొదటి ఆరు అక్షరాలు మాత్రం చదవగలం. ఏసీ1015 అని ఉంటే అది ఆటోక్యాడ్ 2000 ఫార్మాట్. ఏసీ1021 అయితే 2007. ఏసీ1024 అయితే 2010. ఏసీ1032 అయితే 2018. ఫైల్ తన వయసు తనే చెప్పుకుంటుంది. బాబాయ్ ఫైళ్ళని ఒక్కొక్కటీ నోట్‌ప్యాడ్‌లో తెరిచా. మొదటి ఆరు అక్షరాలు కూడా చెత్తే. పేరు చివర తోక తీసేస్తే సరిపోతుందేమో అనుకున్న నా ఆశ అక్కడే పోయింది. లోపల నిజంగానే తాళం వేశారు. ఆటోక్యాడ్ పక్కనే దాచే బ్యాక్ ఫైళ్ళు కూడా అదే డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి వాటికీ అదే గతి. యూరోపోల్, డచ్ పోలీసులు, కొన్ని సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ అనే సైట్ ఉంది. కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కి అక్కడ ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి. మా ఫైల్ ఒకటి ఎక్కించి చూశా. మా రకానికి తాళంచెవి లేదు.

పన్నెండేళ్ళ పని. ఇళ్ళు, షాపులు, ఒక కల్యాణ మండపం, రెండు చర్చిలు, ఒక రామాలయం ప్రహరీ. బాబాయ్ కుర్చీలో కూర్చుని, "నేనే ఏదో మెయిల్ నొక్కి ఉంటారా. మొన్న కరెంటు బిల్లని ఒకటి వస్తే తెరిచా" అన్నాడు.

నేను ఏమీ మాట్లాడలేదు.

ఆ క్రాక్ వల్లే వచ్చిందని నా దగ్గర రుజువేమీ లేదు. నిజంగా ఆ మెయిల్ వల్లే వచ్చి ఉండొచ్చు. కానీ యాంటీవైరస్ ఆపింది నేను. ఆ జిప్ తెచ్చింది నేను. ఆ రోజు నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "ఎట్టా వచ్చిందో ఏమో బాబాయ్" అన్నా. తర్వాత పిన్ని ఆయన్ని "ఏదిబడితే అది నొక్కుతావు" అని తిట్టినప్పుడు కూడా తల వంచుకుని ఫోన్ చూసుకున్నా.

ఇక వెతుకులాట మొదలైంది. బాబాయ్ పెద్ద ప్రింట్లు తీయించే జిరాక్స్ షాపు అన్న మనకి దేవుడయ్యాడు. పెన్‌డ్రైవ్ ఇస్తే ఫైల్‌ని తన డెస్క్‌టాప్ మీద పడేసి ప్రింట్ కొడతాడు, తర్వాత చెరపడు. ఆ బద్ధకం వల్ల రెండొందలకి పైగా ప్లాన్లు దొరికాయి. ఇంజినీరుకి పంపిన మెయిళ్ళలో ఇంకొన్ని. వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు. అటక మీద పెట్టెలో గీతలు పడిన సీడీలు. మొత్తం కలిపితే సగం లోపే. వాటిని ఒక్కచోటికి చేర్చి తెరవడానికి కూర్చుంటే అసలు సినిమా మొదలైంది.

మా కంప్యూటర్ తుడిచేశాం కాబట్టి ఆటోక్యాడ్ లేదు. నా లాప్‌టాప్‌లో లిబ్రెక్యాడ్ వేసుకున్నా. ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, క్రాక్‌తో పని లేదు. కానీ అది సేవ్ చేసేది డీఎక్స్‌ఎఫ్‌లోనే. డీడబ్ల్యూజీలని కొన్నిటిని తెరుస్తుంది, కొన్నిటిని తెరవదు. ఇక్కడ కొంచెం కథ చెప్పాలి.

ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. డీడబ్ల్యూజీ దాని సొంత ఫైల్ రూపం. దాని లోపల ఏది ఎక్కడ ఉంటుందో ఆ కంపెనీ బయటికి చెప్పలేదు. కొన్ని వెర్షన్లకోసారి మారుస్తుంది కూడా. బయటి సాఫ్ట్‌వేర్లతో ఇచ్చిపుచ్చుకోవడానికి మాత్రం మొదటి నుంచీ డీఎక్స్‌ఎఫ్ అనే ఇంకో రూపం ఇచ్చింది, దాని వివరాలు అందరికీ అందుబాటులో ఉంచింది. డీడబ్ల్యూజీని అందరూ చదవగలగాలని 1998లో కొన్ని కంపెనీలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. ఇప్పుడు దాని పేరు ఓపెన్ డిజైన్ అలయన్స్. ఫైల్ లోపలి అమరికని బయట నుంచే పరిశీలించి కనిపెట్టి, తమ లైబ్రరీలు తయారుచేసుకున్నారు. 2006లో ఈ రెండు పక్షాల మధ్య కోర్టు కేసు కూడా నడిచింది, 2007లో రాజీ అయింది. ఆ సంఘం ఇచ్చే ఉచిత ఫైల్ కన్వర్టర్ ఉంది. ఒక ఫోల్డర్ చూపిస్తే అందులో ఉన్న డీడబ్ల్యూజీలన్నిటినీ కావాల్సిన వెర్షన్‌కో, డీఎక్స్‌ఎఫ్‌కో మార్చి ఇంకో ఫోల్డర్‌లో పెడుతుంది. ఆటోడెస్క్ వాళ్ళదే ట్రూవ్యూ అని ఇంకో ఉచిత ప్రోగ్రాం ఉంది. అది గీయదు, చూపిస్తుంది, వెర్షన్ మారుస్తుంది. ఈ రెండూ ముందే తెలిసి ఉంటే, "ఫైల్ ఒక్కసారి చూసుకోవాలి" అనే వాళ్ళకోసం క్రాక్‌లు వెతికే పని సగం తగ్గేది.

డీఎక్స్‌ఎఫ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. మామూలు డీఎక్స్‌ఎఫ్ మొత్తం టెక్స్టే. ఒక లైనులో ఒక అంకె, దాని కింద లైనులో దాని విలువ. 0 అంటే ఇది ఏ వస్తువో చెప్తున్నా అని, కింద గీత అని ఉంటుంది. 8 అంటే ఏ లేయరో. 10, 20 అంటే గీత మొదలయ్యే చోటు. 11, 21 అంటే ఆగే చోటు. అంతే. ఒక ఇల్లు మొత్తం ఇలా నిలువుగా, చిట్టా పద్దులాగా రాసి ఉంటుంది. దాన్ని చూసినప్పుడు నాకు మొదటిసారి ఇది నా సబ్జెక్టే కదా అనిపించింది. పైథాన్‌లో ఈజెడ్‌డీఎక్స్‌ఎఫ్ అనే లైబ్రరీ ఉంది. దానితో ప్రతి ఫైల్‌లో ఏ లేయర్లున్నాయి, ఎన్ని గదుల పేర్లున్నాయి అని ఒక పట్టిక తీసే చిన్న ప్రోగ్రాం రాశా. ల్యాబ్‌లో మార్కుల కోసం కాకుండా నేను రాసిన మొదటి ప్రోగ్రాం అది.

మార్చితే అంతా సరిగ్గా వస్తుందనుకోకండి. మొదటి ఇల్లు లిబ్రెక్యాడ్‌లో తెరిచి కొలిస్తే ముందు వైపు వెడల్పు 360 మిల్లీమీటర్లు వచ్చింది. మూరెడు కూడా లేదు. బాబాయ్ అంగుళాల్లో గీస్తాడు. 30 అడుగులంటే 360 అంగుళాలు. ఫైల్‌లో ఉన్నది 360 అనే అంకె మాత్రమే. అది అంగుళమా మిల్లీమీటరా అని చెప్పే సెట్టింగ్ వేరే ఉంటుంది, అది తప్పితే ఇల్లు అగ్గిపెట్టె అవుతుంది, లేదా ఊరంత అవుతుంది. మార్చిన వెంటనే తెలిసిన ఒక గోడని కొలిచి చూడాలి. ఇది ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

రెండో దెబ్బ తెలుగు. బాబాయ్ గదుల పేర్లు తెలుగులో పెడతాడు. ఇంటి ఆడవాళ్ళు కూడా ప్లాన్ చదవగలగాలని ఆయన పట్టుదల. వంటగది, దేవుడి గది, నూతి దగ్గర, పశువుల కొట్టం. నేను తెరిస్తే ఆ చోట్లన్నీ కొక్కిరి గుర్తులు, బ్రాకెట్లు, ప్లస్సులు. పాత డీటీపీ ఫాంటుతో టైపు చేశాడు. ఆ ఫాంట్లలో నిజానికి తెలుగు అక్షరం ఉండదు. లోపల ఉండేది ఇంగ్లీష్ అక్షరాల నంబర్లే. వాటికి తెలుగు బొమ్మ తొడుగుతారు. ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో దేవుడి గది. ఫాంట్ లేనిచోట దయ్యం రాసిన ఉత్తరం. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. అందులో రాస్తే ప్రతి అక్షరానికి దాని సొంత నంబరు ఉంటుంది, ఏ ఫాంట్ పెట్టినా తెలుగుగానే ఉంటుంది. మన ఈ పత్రికకి రచనలు యూనికోడ్‌లోనే పంపమని సీనియర్లు ఎందుకు మొత్తుకుంటారో నాకు అప్పుడు అర్థమైంది. లిబ్రెక్యాడ్ పక్కన కూడా తప్పుంది, చెప్పాలి. అది తన సొంత గీతల ఫాంట్లు వాడుతుంది. దానితో వచ్చిన వాటిలో నాకు తెలుగు కనిపించలేదు. ఉచిత సాఫ్ట్‌వేర్ మనదే అంటాం కానీ, అందులో మన అక్షరాలు మనం వేయకపోతే ఎవరు వేస్తారు?

ఇన్ని చేసినా సగానికి పైగా ప్లాన్లు పోయినట్టే. పాతవి పోతే పోయాయి. అప్పటికి చేతిలో ఉన్న పనులే అసలు సమస్య. కొలతలు తీసుకుని, సగం గీసి, అడ్వాన్సు తీసుకున్నవి. ఆ అడ్వాన్సులు మా చెల్లి హాస్టల్ ఫీజుకి అప్పటికే కట్టేశాడు. ఒకాయన డబ్బు వెనక్కి అడిగి తీసుకున్నాడు. మిగతా వాళ్ళకి బాబాయ్, "సిస్టమ్ పోయిందండీ, మళ్ళీ వచ్చి కొలుచుకుంటాం, దానికి డబ్బులొద్దు" అని చెప్పాడు. వేసవి సెలవుల్లో నేనూ వెంట వెళ్ళా. పిడుగురాళ్ళ, గురజాల, మాచర్ల. ఎండలు ఎట్టా ఉంటాయో తెలుసుగా. పిడుగురాళ్ళలో సున్నం బట్టీల దారిలో బండి మీద వెళ్తే ఇద్దరం తెల్లగా అయిపోయేవాళ్ళం.

మాచర్లలో ఒక పెద్దాయన ఇల్లు. నాపరాళ్ళు పరిచిన పాత ఇల్లు, పైన అంతస్తు వేసి ఇద్దరు కొడుకులకి పంచాలని ఆయన కోరిక. మేము కొలవడానికి సిద్ధమవుతుంటే ఆయన లోపలికి వెళ్ళి బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చాడు. పాస్‌బుక్కులు, కరెంటు రసీదులు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన ప్రింటు. బాబాయ్ అంతకు ముందు ఇచ్చిన ప్లాన్. మార్పులన్నీ ఆయన పెన్సిల్‌తో దాని మీదే రాసి పెట్టుకున్నాడు. మెట్లు ఇటు తిప్పాలి, చిన్నోడి గదికి ఇంకో కిటికీ కావాలి.

"ఇది పనికొస్తదా అబ్బాయ్?" అన్నాడు నాతో.

నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. ఆ కాగితం పాస్‌వర్డ్ అడగలేదు. ఏ వెర్షన్ అని అడగలేదు. మడత విప్పితే తెరుచుకుంది.

మెట్ల కింద కొలత తీసేటప్పుడు టేపు ఒక కొస నా చేతిలో, ఇంకో కొస బాబాయ్ చేతిలో. అక్కడ చెప్పేశా. "బాబాయ్, ఆ రోజు నేను ఎక్కించింది క్రాక్. యాంటీవైరస్ ఆపి ఎక్కించా. మళ్ళీ ఆన్ చేయలేదు. నీ మెయిల్ వల్ల కాదేమో."

ఆయన టేపు చూస్తూనే ఉన్నాడు. "పది అడుగుల నాలుగంగుళాలు. రాసుకో" అన్నాడు.

రాసుకున్నా. ఆ పూటంతా ఇంకో మాట లేదు, అంకెలు తప్ప.

అక్కడి పని అయ్యాక నాగార్జునసాగర్ కుడి గట్టు వైపు విజయపురి సౌత్‌లో ఒకరిని కలవాలని వెళ్ళాం. దారిలో అనుపు దగ్గర బండి ఆపాడు. స్కూల్లో పిక్నిక్‌కి తీసుకొచ్చిన చోటే. కానీ అప్పుడు బిస్కెట్ల మీదే నా ధ్యాస. సాగర్ డ్యామ్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. నీళ్ళు నిలిస్తే నాగార్జునకొండ లోయ, ఇక్ష్వాకుల విజయపురి మొత్తం మునిగిపోతుంది. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయలో తవ్వకాలు చేసింది. ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని తీసుకొచ్చి, కొన్నిటి నమూనాలు చేసి, కొండ మీద, ఈ అనుపులో మళ్ళీ నిలబెట్టారు. కంప్యూటర్ లేదు. టేపు, కాగితం, పెన్సిల్.

బాబాయ్ ఆ రాతి మెట్ల మీద కూర్చుని అప్పుడు మాట్లాడాడు.

"నువ్వు ఎక్కించింది దొంగదని నాకు తెలీదనుకున్నావా? పన్నెండేళ్ళ నుంచి నేను వాడింది అదేగా. ఫార్మాట్ కొట్టినప్పుడల్లా ఎవరో ఒక కుర్రాడు ఎక్కించేవాడు. ఈసారి నువ్వు. డబ్బు మిగులుద్దని నేనూ నోరు మూసుకున్నా. నీ ఒక్కడిదే అయితే నిన్ను కొట్టేవాణ్ణి."

కాసేపాగి, "కానీ ఇన్నాళ్ళు చెప్పకుండా ఉన్నావు చూడు, అది నాకు నచ్చలా" అన్నాడు.

నాకు ఆ మాటే మిగిలింది. మిగతావన్నీ గూగుల్‌లో దొరుకుతాయి.

తర్వాత లైసెన్సు సంగతి ఇద్దరం కూర్చుని చదివాం. ఆయన వినడం, నేను చదవడం. పూర్వం ఆటోక్యాడ్‌ని ఒకసారి కొనుక్కుంటే ఆ వెర్షన్ ఎప్పటికీ మనదే. 2016 నుంచి కొత్తగా అలా అమ్మడం ఆపేశారు, ఇప్పుడు నెలకో ఏడాదికో అద్దె కట్టడమే. అద్దె ఆగితే ప్రోగ్రాం ఆగుతుంది. నాకు వెంటనే ఒక ఐడియా వచ్చింది. కాలేజీ మెయిల్‌తో నాకు విద్యార్థి లైసెన్సు ఉచితంగా వస్తుందిగా, అదే బాబాయ్ సిస్టమ్‌లో వేస్తే? హాస్టల్‌లో సగం మంది ఇదే సలహా ఇచ్చారు. షరతులు చదివితే అది చదువుకోవడానికి మాత్రమే, డబ్బు తీసుకుని చేసే పనికి కాదు అని స్పష్టంగా ఉంది. ఒకప్పటి విద్యార్థి వెర్షన్లలో గీస్తే ప్రింటు నాలుగు అంచులా ఇది విద్యార్థి ఉత్పత్తి అని ముద్ర కూడా పడేది. అంటే క్రాక్ మానేసి ఇంకో రకం దొంగతనం చేయబోయా అన్నమాట. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. సంపాదన కోసం వాడకపోతే జైలు లేకుండా 50,000 దాకా జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకి ఉంది. బాబాయ్‌ది సంపాదనే. ఇది చదివినప్పుడు ఆయన నీళ్ళు తాగొచ్చాడు.

చివరికి చీటీ పాడి, డీడబ్ల్యూజీలోనే పనిచేసే వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాడు. ఒకసారి కడితే ఎప్పటికీ ఉండే రకం. కమాండ్లు దాదాపు అవే కాబట్టి వారంలో చెయ్యి అలవాటు పడింది. ఇంజినీరుగారి దగ్గర పాత వెర్షన్ ఉంది, 2018 ఫార్మాట్ తెరుచుకోదు. అందుకని 2010కి మార్చి పంపుతాడు. ప్రతి పని అయ్యాక మూడు కాపీలు. ఒకటి డీడబ్ల్యూజీ, ఒకటి డీఎక్స్‌ఎఫ్, ఒకటి పీడీఎఫ్. ఇవి ఒక హార్డ్ డిస్క్‌లోకి వెళ్తాయి. రాత్రి దాన్ని కంప్యూటర్ నుంచి పీకి ఇంటికి తెస్తాడు. పీకడం ముఖ్యం. తగిలించి ఉంచితే దానికీ తాళం పడుతుంది. ఇంటివాళ్ళకి ఒక ప్రింటు ఇచ్చి, "బీరువాలో పెట్టుకోండి" అని చెప్తాడు. గదుల పేర్లు ఇప్పుడు యూనికోడ్‌లో టైపు చేస్తున్నాడు. నేర్పింది నేనే. దానికి మాత్రం ఐదొందలు తీసుకున్నా.

గదుల పేర్ల దగ్గర మొదలుపెట్టి నేను ఒక చిన్న పని పెట్టుకున్నా. ఆ పాత ఫాంట్ గుర్తులని యూనికోడ్ తెలుగులోకి మార్చి, డీఎక్స్‌ఎఫ్‌లో తిరిగి రాసే ప్రోగ్రాం. ఒత్తుల దగ్గర తన్నుతోంది. వంటగది వస్తుంది, ఈశాన్యం రావట్లేదు. సాయం చేసేవాళ్ళుంటే రండి, సివిల్ వాళ్ళయినా, మెకానికల్ వాళ్ళయినా, తెలుగు బాగా వచ్చిన వాళ్ళయినా.

మీ ఇంట్లో కూడా "వాడికి తెలుసులే" అని మిమ్మల్ని పిలుస్తారు. ఆటోక్యాడ్ కావచ్చు, ఫొటోషాప్ కావచ్చు, ఇంకోటి కావచ్చు. పిలిచిన వాళ్ళ పన్నెండేళ్ళ పని ఆ కంప్యూటర్‌లో ఉంటుంది. రీడ్‌మీ మొదటి లైనులో యాంటీవైరస్ ఆపమని ఉంటే అక్కడే ఆగండి. తెలీకపోతే తెలీదని చెప్పండి, పరువేం పోదు. ఒకవేళ ఆగలేకపోయి, ఏదైనా జరిగితే, ఆ రోజే చెప్పేయండి. నేను మూడు నెలలు ఆగా.

మొన్న మాచర్ల పెద్దాయన ఫోన్ చేశాడు. పై అంతస్తు స్లాబ్ పడిందట. చిన్నోడి గదికి రెండో కిటికీ పెట్టారట. భోజనానికి రమ్మన్నాడు. బాబాయ్, "టేపు కూడా తెచ్చుకోరా, ఒకసారి కొలిచి చూద్దాం" అన్నాడు.